గాజుకి అవతలి వైపు

సెమరాంగ్,
9 సెప్టెంబరు 2012

అక్కకి సలాం,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు ఇవాళ టైపు కొడుతున్నాను. సాకులు బోలెడున్నాయి గానీ అసలు సంగతి పోటు. ఈసారి సముద్రం మా పేటలోకి వచ్చి వెళ్ళడం మర్చిపోయింది. కొట్లో మోకాలి దాకా నీళ్ళు. నీళ్ళొస్తే అందరికీ నష్టం, నాకు మాత్రం బేరం. బకెట్లు, తుడుపు కర్రలు, రబ్బరు బూట్లు అన్నీ తిట్టుకుంటూ వచ్చి నా దగ్గరే కొంటారు. "నీ కోసమే వస్తోందయ్యా ఈ సముద్రం" అంది చేపల సుమీరా. "నా కోసమెందుకు, నువ్వెత్తుకొచ్చిన పిల్లల్ని వెతుక్కుంటూ నీ బుట్ట కోసం వస్తోంది" అన్నాను. ఆ రోజు నాకు చేప అమ్మనంది.

వెనక గదిలో అద్దె పుస్తకాలు క్షేమం. కింది అరల్లో బకెట్లే పెడతాను కదా, పుస్తకాలన్నీ నడుము పైన. మా ఆవిడ వుర్యానీ అంటుంది, "ఈ ఇంట్లో నాకంటే ఎత్తులో ఉండేవి నీ నవలలే" అని. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని కూడా చదువుతున్నారక్కా జనం! రిక్షా తొక్కే వాగీమిన్ తాత అయితే కుర్చీ మీద కుర్చీ వేసుకుని, చెట్టెక్కిన కోతిలా కూర్చుని కత్తియుద్ధాల కథ ఒకటి పూర్తి చేశాడు. చివరి పేజీలో పెన్సిలుతో "విలన్ మంచోడు, పాపం" అని రాశాడు. మా దగ్గర అలా రాయొచ్చు. కొందరు కథ కోసం కాదు, ఆ చివరి పేజీ రాతల కోసమే అద్దెకి తీసుకుంటారు.

ఇప్పుడు అసలు మాట. ఆ గదికి మూడు గోడల నిండా పుస్తకాలు. నాలుగోది ఖాళీ. దానికి నువ్వు గాజు మీద వేసే బొమ్మ కావాలి.

దాచడమెందుకు, బావ పోయిన దగ్గర్నించి నువ్వు కుంచె ముట్టలేదని మీ ఊరి వాన్ డ్రైవరు చెప్పాడు. వడ్లు ఎండబోసి కోళ్ళు తోలుకుంటూ కూర్చుంటున్నావట. వడ్లకి కాపలా ఎవరైనా కాస్తారక్కా. బొమ్మ నాకు కావాలి, నిజమే. అంతకంటే నువ్వు మళ్ళీ వెయ్యడం కావాలి. కాదనకు.

పుస్తకాలు రెండు పంపుతున్నాను, చేప కూడా. ముళ్ళు మెత్తబడేలా వండిందే, భయం లేకుండా తిను. తప్పులుంటే సర్దుకో, ఒక చేత్తో చిల్లర ఇస్తూ ఇంకో చేత్తో టైపు చేస్తున్నాను.

నీ తమ్ముడు
తార్సోనో


గెగెసిక్,
23 సెప్టెంబరు 2012

సోనోకి ఆశీస్సులు,

చేప బావుంది. పుస్తకాల్లో లావుది బాలేదు. ఆ నాయిక వంద పేజీలు కిటికీ దగ్గర నిలబడే ఉంది, కాళ్ళు నొప్పెట్టవా? సన్నది రెండుసార్లు చదివాను. దీవిలో పోస్టాఫీసు నడిపే ముసలాయన కథ. అందులో గాలి ఎటు వీస్తోందో చెప్పకుండానే తెలిసిపోతుంది. అలాంటివే పంపు.

చిన్నప్పుడు మనం వాటాలు వేసుకుని చదివిన కత్తియుద్ధాల కథలు గుర్తొచ్చాయి. మధ్యలో ఒక భాగం ఎవడో పట్టుకుపోతే నువ్వు ఏడుపు. నేనే ఆ భాగం కల్పించి చెప్పాను. నీకు పెళ్ళయ్యాక అసలుది దొరికిందని, "నీదే బావుందక్కా" అని రాశావు. అది పొగడ్తో, కాకా పట్టడమో ఇప్పటికీ తెలీదు.

బొమ్మ సంగతి. కుదరదు తమ్ముడూ. కుంచెలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేశాను. చెయ్యి వణకడం లేదు, కళ్ళు బానే ఉన్నాయి, జబ్బనుకోకు. బుద్ధి పుట్టడం లేదు, అంతే. మీ బావ కూర్చునే చోట ఇప్పుడు పిల్లి కూర్చుంటోంది. దానికి బొమ్మలు పట్టవు.

మన ఊళ్ళో వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగిపెడతాను. ఏనుగు తొండం, పాము తల, పక్షి రెక్కలు ఉన్న వాహనం వేయించుకో. గోడకి గంభీరంగా ఉంటుంది.

వుర్యానీకి నా మాటగా చెప్పు, ఆ నీళ్ళలో పాచి పట్టిన చోట జాగ్రత్తగా నడవమని.

అక్క

ఊరికే అడుగుతున్నాను, ఆ గోడ ఎంత వెడల్పు?


సెమరాంగ్,
2 అక్టోబరు 2012

అక్కా!

నీ ఉత్తరం పైనుంచి కిందికి చదివి ముఖం వేలాడేశాను. సంతకం కింద లైను చూసి కొట్లో గంతేశాను. బూట్లు కొనడానికొచ్చినాయన భయపడి ధర అడక్కుండానే కొన్నాడు.

గోడ కొలతలు వెనక రాశాను. కానీ వాహనాలూ వద్దు, రాజులూ వద్దు. అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. నాకు మా గదే కావాలి. చదువుకునే మావాళ్ళే కావాలి. ఫొటోలు పెట్టాను. చేపబుట్ట పక్కన పెట్టుకుని చదివేది సుమీరా, ముందు చివరి పేజీ చూస్తుంది. ఎవరూ చావకపోతే పుస్తకం తిరిగి ఇచ్చేస్తుంది. కుర్చీ మీద కుర్చీ వాగీమిన్ తాత. అరటిపండు తింటూ చదివేది మా వుర్యానీ. నన్ను వెయ్యకు, నా పొట్టకి గాజు చాలదు. వెనక మాత్రం మన పక్క వేసే మబ్బులు వెయ్యి, పొర మీద పొర, నీలం మీద నీలం. గదిలో నీళ్ళెలాగూ ఉన్నాయి, ఆకాశం కూడా ఉండాలి.

"గాజు మీద ఎలా వేస్తారు?" అని తాత అడిగితే చెప్పాను. వేసేది వెనకవైపు తాతా, చూసేది ముందునించి. అందుకని అంతా తలకిందులు. కాగితం మీద చివర పెట్టేవి ఇందులో మొదట పెట్టాలి. ముందు గీతలు, ఆ పైన ఒంటి రంగులు, చిట్టచివర ఆకాశం. "అంటే మీ అక్క ముందు చొక్కా తొడిగి, తర్వాత బనీను తొడుగుతుందన్నమాట" అన్నాడు. నవ్వాను గానీ, నీ పని గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

తొందరేం లేదు. కానీ తొందరగా వెయ్యి.

సోనో


గెగెసిక్,
18 నవంబరు 2012

తమ్ముడూ,

వాన్ అబ్బాయి వాకిట్లో హారను కొడుతున్నాడు, అందుకని నాలుగు ముక్కలే.

బొమ్మ పంపుతున్నాను. మబ్బులు ఆరగానే బల్ల మీద నుంచి అలాగే గడ్డిలో పెట్టి చెక్క కొట్టించేశాను. మామూలు మనుషుల్ని వెయ్యడం ఇదే మొదలు. కిరీటాలు లేకపోతే తలలు ఎంత చిన్నవో! చేపలావిడ మోచేయి నచ్చింది నాకు, అరటిపండు కుదర్లేదు.

ఇది నీ కోసం వేశాను. మళ్ళీ అడక్కు. ఒకటి వేస్తే చాలు అనిపించింది.

ఇసకలో వేయించిన అప్పడాలు పక్క సంచిలో ఉన్నాయి. గాజు మీద పెట్టొద్దని వాడికి చెప్పాను, విన్నాడో లేదో.

అక్క


సెమరాంగ్,
2 డిసెంబరు 2012

అక్కా,

ఆలస్యానికి మళ్ళీ క్షమించు. బొమ్మ వచ్చి పది రోజులు దాటింది. ఏం రాయాలో తెలీక రాయలేదు. నాకు మాటలు దొరక్కపోవడం! వుర్యానీ నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

ఒక్క పగులు లేకుండా చేరింది. అప్పడాలు పొడైపోయాయి, అన్నంలో కలుపుకున్నాం. చెక్క విప్పి గోడకి ఆనించగానే సగం మంది పుస్తకాలు వదిలి చుట్టూ మూగారు. ఆ మబ్బులు చూస్తే వాన వాసనొస్తోంది. సుమీరా మోచేయి సుమీరాదే, ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు.

కానీ కళ్ళక్కా, కళ్ళు! నువ్వు వేసే రాజులకి కళ్ళు చెంప దాకా ఉంటాయి కదా. ఇందులో ఒక్కరి కన్నూ తెరిచి లేదు. పైరెప్ప గీత ఒక్కటి, దాని కింద అంతా మొహం రంగే. ఎంత ఆలోచించావు! అందరూ చూపు పుస్తకంలోకి వంపేసుకున్నారు, బయట ఒక్క చుక్క మిగల్చలేదు.

సుమీరా ఊరుకుంటుందా. "ఏమయ్యా, నేను నిద్రపోతున్నట్టు వేసిందేమిటి మీ అక్క? నేనేమన్నా ఈ తాతనా?" అంది. వాగీమిన్ తాత తల ఎత్తకుండానే, "చదివేటప్పుడు నీ మొహం నువ్వెప్పుడన్నా చూసుకున్నావటే?" అన్నాడు.

అప్పట్నించీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదివేవాళ్ళ మొహాలే చూస్తున్నాను. నిజమేనక్కా. ఎదురుగా చూస్తే అందరికీ కళ్ళు మూసుకున్నట్టే ఉంటుంది. ఇన్నేళ్ళుగా పుస్తకాలు అద్దెకిస్తున్నాను, నాకు కనపడలేదు. ఎప్పుడూ మా గది గడప తొక్కని నీకు కనపడింది.

వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాను, మా అక్క ఆలోచన చూడండి అని. చిత్రకారుణ్ణని చెప్పుకునే ఒకాయన బకెట్ కోసం వచ్చి, బకెట్ మర్చిపోయి బొమ్మ ముందే నిలబడ్డాడు. పేరు అడిగాడు. గర్వంగా చెప్పాను.

ఇంకోటి వెయ్యవూ? వంటగది వేపు గోడ కూడా ఖాళీ చేస్తాను.

పొంగిపోతున్న
సోనో


గెగెసిక్,
9 డిసెంబరు 2012

తార్సోనోకి,

బొమ్మ వెనక్కి పంపించు. వచ్చే వాన్‌లోనే.

ఎగతాళికి బాధపడే వయసు దాటాను. అయినా నువ్వు చెయ్యాల్సిన పని కాదు. నలుగురినీ పిలిచి చూపించడం అంతకన్నా కాదు.

రస్కినా


సెమరాంగ్,
16 డిసెంబరు 2012

అక్కా,

ఎగతాళా? నీ ఉత్తరం నేను నాలుగుసార్లు, వుర్యానీ రెండుసార్లు చదివాం. పూర్తి పేరుతో పిలిచావు, పూర్తి పేరుతో సంతకం పెట్టావు. అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు నన్ను "తార్సోనో" అనలేదు.

"బకెట్ల కొట్లో వేలాడదీశావని కోపమేమో" అంది వుర్యానీ. అదే అయితే విను. బొమ్మ బకెట్ల దగ్గర లేదు. పోటు గీత కంటే చాలా పైన, పుస్తకాల వరసలో, ఎండ పడని చోట ఉంది. మేకులు నేనే కొట్టాను, బొటనవేలు కూడా కొట్టుకున్నాను. లేకపోతే సుమీరా మాటకి నొచ్చుకున్నావా? ఆవిడ ఇప్పుడు రోజూ ఆ బొమ్మ కిందే కూర్చుంటోంది. ఎవరన్నా అక్కడ కూర్చుంటే "అది నా చోటు, గాజులో కూడా నేనే ఉన్నాను చూడు" అని లేపేస్తోంది.

లేక ఆ చిత్రకారుడికి నీ పేరు చెప్పడం తప్పా? ముందు నిన్ను అడగలేదు, నిజమే. క్షమించు.

పంపడం మాత్రం కుదరదక్కా. దారంతా గుంతలు. పగులుతుంది. ఒకసారి చేరడమే అదృష్టం. ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు కూడా. తాతకి చెప్తే, "గోడతో సహా పంపు, నేను రిక్షా తెస్తాను" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఏం చేశానో చెప్పు. చెప్పకుండా శిక్షించకు.

సోనో


గెగెసిక్,
6 జనవరి 2013

సోనో,

"పగులుతుంది" అని రాశావు. పగిలే ఉంటుంది, దాస్తున్నాడు అనుకున్నాను. అలా అనుకుని, నిజం చెప్పనా, హాయిగా నిద్రపోయాను. పగిలితే పీడా పోయిందనుకున్నాను. మొన్న వాన్ అబ్బాయి మీ కొట్టుకి వెళ్ళి కళ్ళారా చూశానని, "బొమ్మలో అందరూ భలే చదువుతున్నారు పిన్నీ" అని చెప్పాడు. అప్పుడు అర్థమైంది, నువ్వు ఎగతాళి చెయ్యలేదని. నిజంగానే నమ్మావని.

సోనో, అది ఆలోచన కాదు. నేను కళ్ళు పెట్టడం మర్చిపోయాను.

రెప్ప గీత గీశాక నల్ల చుక్క పెట్టాలి. దాని మీద తెలుపు, ఆ తర్వాతే మొహం రంగు. నేను రెప్పలు గీసి తిన్నగా మొహాల్లోకి వెళ్ళిపోయాను. మొహం రంగు పడ్డాక వెనకనించి చూస్తే కళ్ళున్నా లేకపోయినా ఒకటే, నాకేమీ కనపడదు. ముందుకి తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

తిప్పి చూడటం మీ బావ పని. నా పెళ్ళైనప్పట్నించీ అంతే. గీతలు అవ్వగానే ఆయన గాజు ఎత్తి, వాకిట్లోకి పట్టుకెళ్ళి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. ప్రతిసారీ ఒకటే కేక, "ఏమేవ్, కళ్ళు పెట్టావా?" అని. నేను లోపల్నించి, "ఎప్పుడన్నా మర్చిపోయానా, గుడ్డివాడా!" అని తిట్టేదాన్ని. అదో ఆట మాకు. పక్కింటివాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ఆట అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన అడగని మొదటి బొమ్మకే మర్చిపోయాను.

ఈసారి నేను తిప్పలేదు. ఆయన చోటులోకి వెళ్ళి నిలబడ్డం నా వల్ల కాలేదు. బల్ల మీద నుంచి అలాగే గడ్డిలోకి.

నీ ఉత్తరం చదివాక తెలిసింది ఏం పంపానో. ఇన్నేళ్ళ పనిలో లేని తప్పు, నువ్వేమో ఊరందరికీ గొప్పగా చూపిస్తున్నావు. అందుకే పంపమన్నాను. నేనే గీకేస్తాను. గీకేసి కుంచెలు అమ్మేస్తాను. ఈ పని ఒక్కరు చేసేది కాదు తమ్ముడూ, ఇద్దరిది. ఇప్పుడు తెలిసింది. అందుకని నన్ను ఇక అడక్కు.

అక్క


సెమరాంగ్,
13 జనవరి 2013

అక్కా,

ఈసారి ఆలస్యం చెయ్యలేదు. కొట్టు మూసేసి రాస్తున్నాను, బేరాలు పోతే పోనీ.

నీతో అబద్ధం చెప్పను. నీ ఉత్తరం చదివాక వెళ్ళి బొమ్మ చూస్తే నాకూ కళ్ళు లేని మొహాలే కనపడ్డాయి. భయమేసింది. "నేను అనవసరంగా పొగిడి మా అక్కని ఏడిపించానే" అని వుర్యానీతో అన్నాను. అది నీ ఉత్తరం తీసుకెళ్ళి బొమ్మ ముందు నిలబడి చదివింది. తర్వాత, "మీ బావ అడగనందుకే కదా ఈ బొమ్మ ఇలా వచ్చింది. ఆయన లేకపోవడం కూడా అందులో ఉంది. దాన్ని గీకేస్తారా?" అంది. మా ఇంట్లో తెలివి ఎవరికుందో నీకు ముందే తెలుసు.

మర్నాడు సుమీరా తన చోట్లో కూర్చుని, ఎవరో చచ్చిపోయే పేజీ చదువుతూ ముక్కు చీదుకుంటోంది. పైన గాజులో సుమీరా, కింద సుమీరా. నాకు మళ్ళీ చదువుతున్నట్టే కనపడ్డారు ఇద్దరూ. ఇప్పుడు నాకు రెండూ కనపడుతున్నాయక్కా. ఒకసారి మర్చిపోయిన కళ్ళు, ఒకసారి దించుకున్న కళ్ళు. మావాళ్ళకి ఒకటే కనపడుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలో వద్దో నువ్వే చెప్పు, అది నీ హక్కు. "మా అక్క ఆలోచన" అనడం మాత్రం మానేశాను. "మా అక్క వేసింది" అంటున్నాను. అది నిజమే కదా.

ఒక్క మాటకి కోప్పడకు. ఆ బొమ్మని మా పేట అంతా చూసింది, బకెట్లు కొనేవాళ్ళు చూశారు, వాన్ అబ్బాయి చూశాడు. ముందునించి చూడనిది నువ్వొక్కదానివే. చూడకుండా తీర్పు చెప్తున్నావు. చివరి పేజీ మాత్రమే చూసి పుస్తకం తిరిగిచ్చే సుమీరాకీ నీకూ తేడా ఏముంది? గీకేది నీ చెయ్యే, కాదనను. ముందునించి చూసి, అప్పుడు గీకు.

ఇద్దరి పని అన్నావు చూడు, నిజమే. బావ చోట్లో కూర్చోగలిగేవాడు ఎవడూ లేడు, నేనసలే కాదు. కొత్త బొమ్మ అడగను. గది నిండా పుస్తకాలున్నాయి, ఆ దీవి ముసలాయన లాంటి వాళ్ళని వెతుకుతున్నాను. రెండు దొరికాయి, పంపుతున్నాను. చదువుకో చాలు.

సోనో


గెగెసిక్,
3 ఫిబ్రవరి 2013

సోనోకి, వుర్యానీకి ఆశీస్సులు,

నేనూ ఆలస్యం చేశాను, కోప్పడకండి. వానలకి దారి తెగి వాన్ రాలేదు. నాకూ రాయడానికి ధైర్యం రాలేదు.

వుర్యానీ అన్న మాట నేను కోళ్ళకి కూడా చెప్పాను. మీ బావ లేకపోవడం కూడా అందులో ఉందని. సరే, ఉండనీ. గీకను. మీవాళ్ళకి చెప్పాలో వద్దో అన్నావు, చెప్పెయ్. సుమీరాకి ముందు చెప్పు, నిద్రపోతున్నట్టు ఉందని మొదట పట్టుకుంది ఆవిడే కదా. గెలిచానని సంబరపడుతుంది. ఆ మోచేయి ఇచ్చినందుకు నేను ఆవిడకి బాకీ కూడా.

నువ్వు పంపినవాటిలో గంటలు పోతపోసేవాడి కథ బావుంది. చదువుతూ చదువుతూ, నా మొహం ఎలా ఉందో చూద్దామని అద్దం తెచ్చుకున్నాను. చదివితే చూడలేను, చూస్తే చదవలేను. పిల్లి నవ్వుకుని ఉంటుంది.

ఇంకో సంగతి. కుంచెల మూట అటక మీద నుంచి దించాను. నువ్వడిగావని కాదు, అడగనన్నావు కదా, అందుకని. గాజు తెప్పించాను. మళ్ళీ మీవాళ్ళే, కానీ ఈసారి పుస్తకం మూసి, కథ ఎలా ఉందో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. తల ఎత్తారు. అడిగే మనిషి లేడు కాబట్టి భయమేసి అన్నిటికంటే ముందు కళ్ళే పెట్టేశాను. మొహాల్లేవు, ఒళ్ళు లేవు, కుర్చీల్లేవు. గాజు మీద ఉత్త కళ్ళు. పక్కింటావిడ ఉప్పు కోసం వచ్చి, ఉప్పు తీసుకోకుండా వెళ్ళిపోయింది.

మొహాల్లోకి వెళ్ళే ముందు ఎవరో ఒకరు ఎత్తి చూడాలి. నల్ల చుక్క మీద తెలుపు వేసేశాను కదా, నా వైపు నుంచి తెల్ల మచ్చలే. ఆ కళ్ళు నన్ను చూడవు తమ్ముడూ, అవతలి వైపుకే చూస్తాయి. ఇప్పుడు అవతల బల్ల చెక్క ఒక్కటే ఉంది.

మీ బావలా కేకలెయ్యక్కర్లేదు. వాకిట్లోకి పట్టుకెళ్ళి, వెలుతురుకి పెట్టి, ఏం కనపడుతోందో నీకు తోచినట్టు చెప్తే చాలు. దీని తర్వాత నేనే మీ ఊరు వచ్చి ఆ మొదటిదాన్ని ముందునించి చూస్తాను. కానీ ముందు నువ్వు రావాలి. అప్పటిదాకా ఈ గాజు మీద ఇంకో గీత గీయను.

ఎప్పుడొస్తున్నావు?

అక్క